పౌరసత్వానికి ఐదేళ్లు నిండితే చాలదు

సంపాదకులు గారికి నమస్కారం.

‘గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్లకు అమెరికా పౌరసత్వం’ అని పత్రికల్లో, టీవీల్లో ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. మాట తప్పు కాదు గాని సగం మాటే. మిగతా సగం తెలియక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువగా దెబ్బతింటున్నది పిల్లలు పిలిపించుకున్న తల్లిదండ్రులు. విజయనగరం కంటోన్మెంట్‌లోనో, రాజాంలోనో, నరసన్నపేటలోనో సొంత ఇల్లు, ఊళ్లో కాస్త పొలం, నెలనెలా పెన్షను, వీటితో పాటు గ్రీన్‌కార్డు కూడా ఉన్న పెద్దలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ. ఐదేళ్లు గడిచాయి కదా అని కొడుకో కూతురో దరఖాస్తు పెడితే అర్హత లేదని తిరస్కరిస్తారు. కట్టిన ఫీజు వెనక్కి రాదు. అందుకని ఈ లెక్క విడమరచి రాస్తున్నాను. కాస్త చోటు ఎక్కువ పట్టినా వేయమని మనవి.

ముందు మొదటి రోజు ఏదో తేల్చుకోవాలి. గ్రీన్‌కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఒక వరుస, దాని దగ్గర ఒక తేదీ ఉంటాయి. లెక్క ఆ తేదీ నుంచే. ముంబయి కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ జరిగిన రోజు గాని, పాస్‌పోర్టులో ఇమిగ్రెంట్ వీసా పడిన రోజు గాని, కార్డు పోస్టులో ఇంటికి చేరిన రోజు గాని పనికిరావు. ఆ వీసా పట్టుకుని అమెరికా విమానాశ్రయంలో దిగి, అక్కడి అధికారి లోపలికి పంపిన రోజే మొదటి రోజు. వేరే వీసా మీద అక్కడే ఉండి గ్రీన్‌కార్డుకు మారినవారికైతే ఆ దరఖాస్తు మంజూరైన రోజు. కార్డు మీద పదేళ్లకు వేసిన గడువు తేదీకీ పౌరసత్వానికీ ముడి లేదు. పెళ్లి వల్ల ముందు రెండేళ్ల షరతు కార్డు వచ్చినవారికి ఆ రెండేళ్లూ కలుస్తాయి. పదేళ్ల కార్డు వచ్చాక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుని రెండేళ్లు ఊరికే ఆగిపోయేవాళ్లు ఉన్నారు, అది అక్కర్లేదు.

హెచ్‌-1బి ఉద్యోగ వీసా మీద గడిపిన ఏళ్లలో మాత్రం ఒక్క రోజు కూడా కలవదు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న చట్టం వల్ల ఉద్యోగ గ్రీన్‌కార్డుల వరుసలో మనవాళ్లు పదేళ్లకు పైగా నిలబడుతున్నారు. ఇల్లు కొనుక్కుని, పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడి బడుల్లో చదివించుకుంటున్న మనిషికి కూడా ఈ ఐదేళ్ల లెక్కలో మొదటి రోజు ఇంకా రాకపోవచ్చు. ‘మీవాడు వెళ్లి పదిహేనేళ్లయింది, ఇంకా సిటిజన్ కాలేదా?’ అని ఆ తల్లిదండ్రుల్ని అడిగేవాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

ఇక అసలు లెక్క. అమెరికా చట్టం రెండు విషయాలను వేర్వేరుగా కొలుస్తుంది. ఒకటి కంటిన్యువస్ రెసిడెన్స్, అంటే కాపురం తెగకుండా అక్కడే సాగిందా అన్నది. రెండోది ఫిజికల్ ప్రెజెన్స్, అంటే మనిషి నిజంగా ఎన్ని రోజులు ఆ దేశంలో ఉన్నాడన్నది. దరఖాస్తు వేసే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తారు. అందులో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు, అక్కడ ఉండి తీరాలి. బయల్దేరిన రోజు, తిరిగి దిగిన రోజు రెండూ అక్కడ ఉన్నట్టే లెక్క. ఈ రెండు కొలతల్లో ఏది తప్పినా దరఖాస్తు నిలవదు. మనవాళ్లు సాధారణంగా ఒకటి చూసుకుని రెండోది వదిలేస్తారు.

ఏటా రెండు విడతలుగా వచ్చేవారిని తీసుకోండి. కోతలకు వచ్చి నాలుగు నెలలు, మళ్లీ ఉద్దానంలో జీడిపిక్కల కాలానికి వచ్చి మూడు నెలలు. ఏ ప్రయాణమూ ఆరు నెలలు దాటలేదు కాబట్టి ఫరవాలేదనే ధీమా. కాని ఏడాదికి అక్కడ ఉన్నది ఐదు నెలలే. ఐదేళ్లకు 25 నెలలు. కావలసిన 30కి ఐదు నెలలు తక్కువ. ‘ఆర్నెల్ల లోపు ఒకసారి వెళ్లి మొహం చూపించి వస్తే చాలు’ అన్న సలహా మన ఊళ్లలో బాగా ప్రచారంలో ఉంది. పౌరసత్వం మాట అటుంచి, ఆ పద్ధతిలో గ్రీన్‌కార్డుకే ముప్పు. వారం రోజులకు వెళ్లి తిరిగొచ్చే మనిషి కాపురం ఎక్కడుందో విమానాశ్రయంలోని అధికారికి పాస్‌పోర్టు తిరగేస్తేనే తెలిసిపోతుంది.

రెండో రకం పొరపాటు ఒకే ఒక్క పొడవాటి ప్రయాణంలో జరుగుతుంది. సెప్టెంబరు 28న అమెరికాలో విమానం ఎక్కారనుకోండి. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూశారు. వరికోతలు, నూర్పులు, కౌలు లెక్కలు, సంక్రాంతి అయ్యాయి. రథసప్తమికి అరసవల్లి వెళ్లివచ్చారు. ఎలాగూ ఉన్నాం కదా అని ఉగాది కూడా కానిచ్చుకుని, ఏప్రిల్ 5న తిరిగి అక్కడ దిగారు. బయల్దేరిన రోజు, దిగిన రోజు తీసేస్తే బయట ఉన్నది 188 రోజులు. 180 దాటిపోయింది. అదే మార్చి 25న దిగి ఉంటే 177 రోజులే అయ్యేది. తేడా పదకొండు రోజులు. ఒక్క ప్రయాణంలో 180 రోజులు దాటి బయట ఉంటే కాపురం తెగిందనే చట్టం ముందుగా అనుకుంటుంది. తెగలేదని రుజువు చేసుకోవలసిన బరువు దరఖాస్తుదారు మీద పడుతుంది.

ఆ రుజువుకు చట్టమే కొన్ని గుర్తులు చెప్పింది. అక్కడి ఉద్యోగం వదల్లేదా, భార్యాపిల్లలు అక్కడే ఉండిపోయారా, అక్కడి ఇల్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు తన వాడకంలో ఉందా, బయటి దేశంలో కొత్తగా ఉద్యోగంలో చేరలేదా అన్నవి చూస్తారు. నలభై ఏళ్ల ఉద్యోగికి ఇవి చూపడం కష్టం కాదు. అరవై అయిదేళ్ల రిటైర్డ్ మాస్టారికి వీటిలో ఏదీ సరిగా అతకదు. ఉద్యోగం లేదు, ఇల్లు కొడుకు పేరున, కరెంటు బిల్లు కోడలి పేరున. భార్య కూడా ఆయనతోనే వచ్చి వెళ్లింది. అందుకే తల్లిదండ్రుల విషయంలో 180 దాటకుండా చూసుకోవడం ఒక్కటే నమ్మదగిన దారి. ఆస్పత్రి పాలై దాటిపోతే డిశ్చార్జి సమ్మరీ, రద్దు చేసుకున్న పాత టికెట్టు దాచుకోవాలి. వాటితో పాటు తమ పేరున అక్కడున్న బ్యాంకు ఖాతా, స్టేట్ ఐడీ, వైద్య బీమా, అక్కడ వేసిన పన్ను రిటర్నులు కూడా పెట్టాలి. ఆలస్యానికి కారణం చెప్పే కాగితం కన్నా, ఇల్లు అక్కడే ఉందని చూపే కాగితాలే ఎక్కువ పని చేస్తాయి.

ఒక ఏడాది లేదా అంతకు మించి బయట ఉండిపోతే వాదించడానికి కూడా ఏమీ మిగలదు. అప్పటిదాకా పోగైన కాలం పోయినట్టే. అయితే తిరిగి వెళ్లాక పూర్తిగా ఐదేళ్లు ఆగక్కర్లేదు, నాలుగేళ్ల ఒక రోజుకు దరఖాస్తు వేయవచ్చు. ఉదాహరణకు పద్నాలుగు నెలలు ఇక్కడ ఉండి 2024 ఆగస్టు 15న తిరిగి వెళ్లినవారు 2028 ఆగస్టు 16న వేయవచ్చు. ఆ రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తే బయట ఉన్న కాలంలో ఏడాదికి లోపు భాగమే ఆ చట్రంలో పడుతుంది. కాని అది ఇంకా ఆరు నెలలకు పైనే కనుక, రుజువు బరువు మాత్రం తప్పదు. ఆ బరువు కూడా వద్దనుకుంటే మరో ఆరు నెలలు ఓపిక పట్టి, నాలుగేళ్ల ఆరు నెలలు దాటాక వేసుకోవాలి. పెద్దలకు నేనైతే ఆ ఆర్నెల్లు ఆగమనే చెబుతాను.

రీఎంట్రీ పర్మిట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా ఇక్కడే మోసపోతారు. ఐ-131 ఫారం మీద రెండేళ్లకు ఇచ్చే ఈ పర్మిట్ ఉంటే ఏడాదికి పైగా బయట ఉన్నా గ్రీన్‌కార్డు పోకుండా తిరిగి వెళ్లవచ్చు. అది అంతవరకే. పౌరసత్వానికి కావలసిన కంటిన్యువస్ రెసిడెన్స్‌ను అది కాపాడదు. పర్మిట్ పెట్టుకుని పద్దెనిమిది నెలలు పాలకొండలో ఇల్లు కట్టించుకుని వెళ్లినవారికి కార్డు భద్రంగానే ఉంటుంది, పౌరసత్వపు లెక్క మాత్రం మళ్లీ మొదలవుతుంది. ఆ లెక్కను కాపాడేది ఎన్‌-470 అనే వేరే ఫారం. అది అమెరికా ప్రభుత్వం, అక్కడి కంపెనీలు, కొన్ని సంస్థల పని మీద విదేశానికి వెళ్లేవారికే. ఇంటి పనికో, పొలం పనికో ఉద్దేశించింది కాదు.

తేదీల రుజువు మన చేతిలోనే ఉంటుంది. అమెరికా నుంచి బయటకు వెళ్లేటప్పుడు వాళ్లు పాస్‌పోర్టులో ముద్ర వేయరు. శంషాబాద్‌లోనో చెన్నైలోనో మనవాళ్లు వేసే రాక, పోక ముద్రలే అప్పుడు అక్కరకొస్తాయి. తెల్లవారుజామున విమానమైతే ఇమిగ్రేషన్ ముద్ర అర్ధరాత్రికి ముందే పడి, ముద్ర తేదీ ఒకటి, టికెట్టు తేదీ ఒకటి అవుతాయి. అలాంటప్పుడు బోర్డింగ్ పాస్ దాచుకోవాలి. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించినప్పుడు మూల కత్తిరించి తిరిగి ఇచ్చే పాత పుస్తకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ పారేయకూడదు. ఎన్‌-400 పౌరసత్వ దరఖాస్తులో గత ఐదేళ్లలో 24 గంటలకు మించిన ప్రతి విదేశీ ప్రయాణమూ రాయాలి. జ్ఞాపకం మీద రాస్తే తేదీలు తప్పుతాయి, తప్పుడు తేదీలు ఇంటర్వ్యూలో అబద్ధాల్లా కనిపిస్తాయి. ఒక నోటు పుస్తకంలో వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ, బయట ఉన్న రోజులు అని మూడు గళ్లు గీసి ప్రతి ప్రయాణానికీ అప్పటికప్పుడు రాసుకుంటే ఈ బాధ ఉండదు.

దరఖాస్తును ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందే వేసుకోవచ్చు. ‘రెసిడెంట్ సిన్స్’ తేదీ 2021 జూన్ 10 అయితే ఐదేళ్లు నిండేది 2026 జూన్ 10న, 90 రోజుల వెనక్కి లెక్కపెడితే మార్చి 12. మార్చి 11న వేస్తే ఒక్క రోజు తేడాతో దరఖాస్తు పోతుంది. మూడు నెలలంటే 90 రోజులే కదా అని మార్చి 10న వేసేసేవారు చేసే తప్పు ఇదే. రెండు మూడు రోజులు ఆగి వేస్తే పోయేదేమీ లేదు. పైగా ఈ 90 రోజుల వెసులుబాటు ఐదేళ్ల కాలానికే వర్తిస్తుంది. 913 రోజులు మాత్రం దరఖాస్తు వేసే నాటికే నిండి ఉండాలి. ఫీజు 2024 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద పంపితే 760.

ఇద్దరు ముగ్గురు పిల్లలు వేర్వేరు రాష్ట్రాల్లో ఉన్న తల్లిదండ్రులకు మరో చిక్కు ఉంది. దరఖాస్తు వేసే రాష్ట్రంలో అంతకు ముందు మూడు నెలలు నివాసం ఉండాలి. న్యూజెర్సీలో కొడుకు ఇంట్లో ఉంటూ, టెక్సాస్‌లో ఉన్న కూతురు చిరునామాతో వేస్తే కుదరదు. ఇల్లు మారిన పది రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలన్న నియమం కూడా ఉంది. అది పాటించకపోతే వేలిముద్రల నోటీసు, ఇంటర్వ్యూ నోటీసు పాత ఇంటికి పోతాయి. దరఖాస్తు వేసేశాం కదా అని ఊరికి వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోకూడదు. పౌరసత్వ ప్రమాణం చేసే రోజు దాకా కాపురం అక్కడే సాగాలి.

భార్య లేదా భర్త అమెరికా పౌరులైతే మూడేళ్లే అన్నది నిజం. అప్పుడు అక్కడ ఉండవలసింది 18 నెలలు. కాని ఆ మూడేళ్లూ వాళ్లు పౌరులుగానే ఉండాలి, ఇద్దరూ కలిసి కాపురం చేస్తూ ఉండాలి. భార్యకు గ్రీన్‌కార్డు 2022 జనవరిలో వచ్చింది, భర్త పౌరుడైంది 2024 మార్చిలో అనుకుందాం. మూడేళ్ల దారిలో ఆమె 2027 మార్చి దాకా ఆగాలి. మామూలు ఐదేళ్ల దారిలో 2027 జనవరికే నిండుతుంది, 90 రోజులు తీసేస్తే 2026 అక్టోబరులోనే వేయవచ్చు. పేరుకు చిన్నదైన దారి ఆమెకు పొడవైంది. రెండూ లెక్కగట్టకుండా ఎవరూ దరఖాస్తు పెట్టకూడదు.

పిల్లల సంగతి తేలిక. పద్దెనిమిదేళ్ల లోపు, గ్రీన్‌కార్డుతో, పౌరులైన తల్లి లేదా తండ్రి సంరక్షణలో అక్కడే ఉంటున్న పిల్లలు దరఖాస్తు లేకుండానే పౌరులవుతారు. తల్లిదండ్రుల ప్రమాణం నాటికి ఒక్క రోజు ముందు పద్దెనిమిది నిండినా వాళ్ల దరఖాస్తు వాళ్లే వేసుకోవాలి. పద్దెనిమిది నుంచి ఇరవై ఆరేళ్ల లోపు మగపిల్లలు గ్రీన్‌కార్డు మీద ఉంటే సెలెక్టివ్ సర్వీస్‌లో (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో) పేరు నమోదు చేయించుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో ఓటరు నమోదుకు టిక్ పెట్టమంటే గ్రీన్‌కార్డు ఉన్నవారు ఎవరూ పెట్టకూడదు. పౌరులు కానివారు ఓటరుగా చేరడం పౌరసత్వాన్నే కాదు, గ్రీన్‌కార్డును కూడా పోగొట్టగల తప్పు.

ఇంగ్లీషు పరీక్ష గురించి తల్లిదండ్రులకు చెప్పే మాటల్లో చాలా వరకు అబద్ధాలే. ‘యాభై అయిదు దాటితే పరీక్ష లేదు’ అంటారు. ఆ మినహాయింపు యాభై అయిదేళ్ల వయసుతో పాటు గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్లు గడిపినవారికి, లేదా యాభై ఏళ్ల వయసుతో ఇరవై ఏళ్లు గడిపినవారికి. వాళ్లకు కూడా ఇంగ్లీషు ఒక్కటే మినహాయింపు. పౌరశాస్త్రం ప్రశ్నలు తెలుగులో దుబాసీ సాయంతో ఎదుర్కోవాలి. అరవై రెండేళ్లకు గ్రీన్‌కార్డు తీసుకుని అరవై ఏడేళ్లకు దరఖాస్తు పెట్టేవారికి ఈ వయసు మినహాయింపులేవీ వర్తించవు. మూడు వాక్యాల్లో ఒకటి సరిగా చదవాలి, మూడింట్లో ఒకటి సరిగా రాయాలి, అధికారి అడిగినవాటికి ఇంగ్లీషులో జవాబు చెప్పాలి. పౌరశాస్త్రం కూడా మారింది. 2025 అక్టోబరు 20 నుంచి వేసిన దరఖాస్తులకు 128 ప్రశ్నల జాబితా నుంచి 20 అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. పాత పద్ధతిలో 100 నుంచి 10 అడిగితే 6 చెబితే సరిపోయేది. యూట్యూబ్‌లో పాత వంద ప్రశ్నలే ఇంకా వల్లె వేస్తున్నవారు జాబితా మార్చుకోవాలి.

మతిమరుపు, పక్షవాతం వంటివి ఉండి నేర్చుకోలేని స్థితిలో ఉన్నవారికి ఎన్‌-648 అనే వైద్య ధ్రువపత్రం ఉంది. దాన్ని అమెరికాలో లైసెన్సున్న డాక్టరే రాయాలి. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చూసిన డాక్టరు రిపోర్టులు ఆ డాక్టరుకు చూపడానికి ఉపయోగపడతాయి గాని, వాటినే నేరుగా పెడితే చెల్లవు. వయసు మళ్లడం, చదువు రాకపోవడం ఈ మినహాయింపుకు కారణాలు కావు.

పన్నుల మాట ఎవరూ పెద్దలకు చెప్పరు. గ్రీన్‌కార్డు చేతికొచ్చిన నాటి నుంచి ఇక్కడి పెన్షను, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, ఇంటద్దె అన్నీ అక్కడి రిటర్నులో చూపాల్సిన ఆదాయాలే. అమెరికా బయటి ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే వేరే నివేదిక కూడా పంపాలి. రిటైర్మెంట్ డబ్బు బ్యాంకులో వేసుకున్నవారు దాదాపు అందరూ ఆ గీత దాటుతారు. పన్ను తగ్గుతుందని ఎవరో చెబితే నాన్‌రెసిడెంట్‌గా రిటర్ను వేయడం అన్నిటికన్నా ప్రమాదం. నేనిక్కడ నివాసిని కాను అని సొంత సంతకంతో ఒప్పుకున్నట్టవుతుంది.

మిగతా దేశాల లెక్కలు వేరు. సంక్రాంతికి బంధువులంతా కలిసినప్పుడు ఒక దేశం లెక్క ఇంకో దేశానికి అంటగట్టుకోవడం వల్ల కూడా గందరగోళం వస్తోంది. కెనడాలో దరఖాస్తుకు ముందరి ఐదేళ్లలో 1,095 రోజులు అక్కడ ఉండాలి. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) రాకముందు చదువు మీదో, పని పర్మిట్ మీదో ఉన్న రోజులు సగం చొప్పున కలుస్తాయి, గరిష్ఠంగా 365. అంటే అంతకు ముందు రెండేళ్లు అక్కడే ఉన్నవారికి పీఆర్ తర్వాత 730 రోజులకే అర్హత వస్తుంది. ఇదే 730 అంకె ఇంకోచోట కూడా ఉంది. పీఆర్ నిలబెట్టుకోవడానికి ఐదేళ్లలో 730 రోజులు ఉండాలి. రెండూ ఒకటే అనుకుని, రెండేళ్లు ఉంటే పౌరసత్వం వస్తుందనుకునేవాళ్లు తక్కువేం కాదు. పద్దెనిమిది నుంచి యాభై నాలుగేళ్ల వరకు వయసున్నవారికి భాష రుజువు, 20 ప్రశ్నల పరీక్ష ఉంటాయి, 15 సరిగా రాయాలి. యాభై అయిదు నిండిన పెద్దలకు ఆ రెండూ లేవు. సరిగ్గా 1,095 నిండిన రోజే వేయడం మంచిది కాదు. ఒక్క ప్రయాణం మరిచిపోయినా తక్కువ పడుతుంది కాబట్టి పది పదిహేను రోజులు అదనంగా ఉంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో చదువు, ఉద్యోగ వీసాల కాలం పూర్తిగా కలుస్తుంది. మొత్తం నాలుగేళ్ల చట్టబద్ధ నివాసం, అందులో చివరి 12 నెలలు పీఆర్ మీద ఉంటే చాలు. నాలుగేళ్లలో బయట ఉన్న కాలం 12 నెలలు దాటకూడదు, చివరి ఏడాదిలో 90 రోజులు దాటకూడదు. పీఆర్ వచ్చిందన్న సంతోషంలో పెళ్లికి వచ్చి, భార్య వీసా కోసం నాలుగు నెలలు ఇక్కడే ఉండిపోయే పిల్లలు ఈ 90 రోజుల దగ్గరే తప్పుతున్నారు. బ్రిటన్‌లో ఐదేళ్ల నివాసంతో పాటు, ఐఎల్‌ఆర్ (అక్కడి శాశ్వత నివాస అనుమతి) వచ్చాక ఇంకో ఏడాది గడవాలి. బ్రిటిష్ పౌరులను పెళ్లాడినవారికి నివాసం మూడేళ్లే, ఆ అదనపు ఏడాదీ లేదు. ఐదేళ్లలో 450 రోజులకు, చివరి ఏడాదిలో 90 రోజులకు మించి బయట ఉండకూడదు. దరఖాస్తు అందే రోజుకు సరిగ్గా ఐదేళ్ల కిందటి అదే తేదీన మనిషి బ్రిటన్‌లో ఉండాలి. ఆ రోజు సెలవు మీద ఊళ్లో ఉంటే, దరఖాస్తును తిరిగి వెళ్లిన తేదీకి సరిపోయేలా జరుపుకోవాలి. న్యూజిలాండ్‌లో ఐదేళ్లలో 1,350 రోజులు, పైగా ప్రతి ఏడాదీ కనీసం 240.

సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికులకు మాత్రం ఈ చర్చ వర్తించదు. అక్కడి ఇకామా (నివాస అనుమతి కార్డు), రెసిడెన్స్ వీసా ఎన్నేళ్లున్నా, ఇన్నేళ్లు నిండితే పౌరసత్వానికి దరఖాస్తు వేసుకునే హక్కు వాటితో రాదు. గోల్డెన్ వీసా కూడా నివాసానుమతే. ‘పీఆర్ ఇప్పిస్తాం, తర్వాత సిటిజన్ అవుతారు’ అని డబ్బు అడిగే ఏజెంటును దగ్గరకు రానీయకూడదు.

ఇంత చెప్పాక, అసలు తల్లిదండ్రులకు ఇది అవసరమా అన్న ప్రశ్న కూడా అడగాలి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇక్కడే ఉండదలచినవారికి గ్రీన్‌కార్డు కన్నా పదేళ్ల విజిటర్ వీసా మేలని నా అభిప్రాయం. దాని మీద వెళ్లినప్పుడల్లా సాధారణంగా ఆరు నెలల దాకా ఉండనిస్తారు. పన్నుల తలనొప్పి తక్కువ, 180 రోజుల భయం లేదు, సిరిమాను చూసుకోవచ్చు, మనవల దగ్గరా ఉండవచ్చు. గ్రీన్‌కార్డు అక్కడే ఉండిపోయేవారి కోసం పెట్టింది. పిల్లలు తమకు ఇరవై ఒకటి దాటి, పౌరసత్వం రాగానే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డు కోసం ఐ-130 దరఖాస్తు వేసేయడం ఆనవాయితీ అయింది. వేసే ముందు అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ఏడాదికి ఎన్ని నెలలు అక్కడ ఉంటారని అడిగి వేస్తే సగం చిక్కులు రావు.

పౌరసత్వం తీసుకున్నాక ఇక్కడ మారేవి కూడా ముందే తెలియాలి. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం వేరే దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణం నుంచి ఇక్కడిది పోతుంది, విడిగా రద్దు ఉత్తర్వు ఏదీ రానక్కర్లేదు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా లాంటిదే గాని పౌరసత్వం కాదు. దాని మీద ఓటు లేదు, పోటీ చేసే హక్కు లేదు. ఓసీఐతో ఇల్లు, ఇంటిస్థలం కొనవచ్చు, సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఉన్న పొలం అమ్మాలన్నా ఇక్కడ నివసించేవారికే అమ్మాలి. తండ్రి పొలం వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. కాని బతికుండగానే అమెరికాలోని కొడుకు పేరున పొలానికి గిఫ్ట్ డీడ్ రాయించడం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలకు విరుద్ధం. ఇది భారత పాస్‌పోర్టే ఉన్న ఎన్‌ఆర్‌ఐకి కూడా వర్తిస్తుంది. రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా అని ధైర్యంగా ఉండకూడదు, తర్వాత అమ్మబోయినప్పుడు అడ్డం పడుతుంది. మళ్లీ ఇక్కడే స్థిరపడదామనుకునేవారికి దారి మూసుకుపోలేదు. ఐదేళ్లుగా ఓసీఐ కార్డు ఉండి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడ ఉంటే 5వ సెక్షన్ కింద తిరిగి పౌరసత్వం కోరవచ్చు.

చివరగా, ప్రమాణం తేదీ వచ్చినవారు టికెట్టు కొనే ముందు చూసుకోవలసింది. ప్రమాణం రోజున గ్రీన్‌కార్డు అక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఆ నిమిషం నుంచి భారత పాస్‌పోర్టు వాడకూడదు, వాడితే పాస్‌పోర్టు చట్టం కింద నేరం. చేతిలో ఉండేది పౌరసత్వం ఇచ్చినట్టు చెప్పే న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ ఒక్కటే, దానితో విమానం ఎక్కలేరు. ఆ సర్టిఫికెట్ అసలు ప్రతి పెట్టి అమెరికా పాస్‌పోర్టుకు వేయాలి, అది వచ్చాక భారత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, సరెండర్ సర్టిఫికెట్ వచ్చాకే ఓసీఐకి వేయాలి. ఒకటి అయితే గాని రెండోది కదలదు, ఒక్కోదానికి వారాలు పడుతుంది. సర్టిఫికెట్ పోస్టులో పంపే ముందు రంగు కాపీలు తీసి ఉంచుకోవాలి, మిగతా మెట్లలో అవి కావాలి. ఊళ్లో పెళ్లో, గృహప్రవేశమో, రిజిస్ట్రేషనో పెట్టుకున్నవారు అది కానిచ్చుకుని వెళ్లి ప్రమాణం చేయాలి, లేదా ప్రమాణం తర్వాత కనీసం నాలుగైదు నెలలకు ముహూర్తం పెట్టుకోవాలి.

ఇట్లు,
విదేశీ పత్రాల పనిలో ఉన్న ఒక పాఠకుడు,
విజయనగరం